బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంత, ఎన్ని గంటలు పడుతుంది? అనంతపురం ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం పట్టణానికి సొంత విమానాశ్రయం లేదు. అమెరికా పశ్చిమ తీరంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులైనా, చదువుకు వెళ్ళే విద్యార్థులైనా ఇక్కడి నుంచి ఎక్కువగా బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయానికే చేరుకుంటారు. మొదటిసారి వెళ్ళేవారు అందరినీ అడిగేది ఒకటే: ఎన్ని గంటలు పడుతుంది? ఒకరు పదహారు గంటలంటారు, ఇంకొకరు పద్దెనిమిదంటారు, మూడో మనిషి ఒక రోజున్నర అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. దూరం మారదు కానీ గంటలు మారతాయి. అవి ఎందుకు మారతాయో ఈ జవాబుల్లో వీలైనంత వివరంగా చెప్పే ప్రయత్నం చేశాను.

బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల మధ్య అసలు దూరం ఎంత?

భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారిన కొలిస్తే సుమారు 13,990 కిలోమీటర్లు. లెక్కలకు వీలుగా 14,000 కిలోమీటర్లు అనుకోవచ్చు. భూమధ్యరేఖ దగ్గర భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. అంటే భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం దాదాపు 20,000 కిలోమీటర్లకు మించదు. ఆ గరిష్ఠ దూరంలో మనం పది పాళ్ళకు ఏడు పాళ్ళు ప్రయాణిస్తున్నామన్న మాట.

ఒక చోట 8,700 అని, మరో చోట 7,550 అని కనబడుతుంది. ఏది సరైనది?

రెండూ సరైనవే, కొలమానాలు వేరు. మొదటిది రోడ్డు మీద వాడే మామూలు మైళ్ళ లెక్క, ఒక మైలుకు 1.609 కిలోమీటర్లు. రెండోది ఓడలకూ విమానాలకూ వాడే నాటికల్ మైళ్ళ లెక్క, ఒక నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు. పైలట్లు, విమాన పటాలు వాడేది ఈ రెండో మైలే. విమానయాన సంస్థలు మీ ఖాతాలో వేసే బహుమతి మైళ్ళు ఈ రెండింటిలో ఏదీ కాకపోవచ్చు. చాలా సంస్థలు వాటిని టికెట్ ధరను బట్టి లెక్కిస్తాయి కనుక వాటితో దూరం తేల్చుకోవాలని చూడవద్దు.

గోడపటంలో గీత గీస్తే దారి తూర్పుగా పసిఫిక్ మీదుగా వస్తోంది. విమానం ఉత్తరానికి ఎందుకు పోతుంది?

బడిలో వేలాడే ప్రపంచ పటం గుండ్రటి భూమిని బల్లపరుపుగా సాగదీసి గీసినది. ఆ పటం మీద తిన్నగా కనబడే గీత భూమి మీద తిన్నని గీత కాదు. ఒక గ్లోబు తీసుకొని దారం ఒక కొసను బెంగళూరు మీద, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం జారి జారి ఉత్తరానికి చేరుకుంటుంది. అదే అతి దగ్గరి దారి. ఆ దారిలో బయలుదేరితే విమానం దాదాపు ఉత్తర దిక్కుకే ముఖం పెట్టి, కొంచెం తూర్పుకు వాలి, నేపాల్, టిబెట్, చైనా వాయవ్య భాగం, మంగోలియా, సైబీరియాల మీదుగా వెళ్ళి, రష్యా ఈశాన్య కొసన 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కడి నుంచి అలాస్కా మీదుగా కిందికి దిగి కాలిఫోర్నియా చేరుకోవాలి. ఆర్కిటిక్ వలయం 66న్నర డిగ్రీల దగ్గరే మొదలవుతుంది కనుక ఈ దారి ఆ వలయం లోపలికి కూడా పోతుంది.

గోడపటం మీద గీసిన తిన్నని గీతనే పట్టుకొని పోతే ప్రయాణం 16,000 కిలోమీటర్లు దాటుతుంది. అంటే 2,000 కిలోమీటర్లకు పైగా, రెండు గంటలకు మించిన ప్రయాణం వృథా. అనంతపురం నుంచి ఢిల్లీ వెళ్ళినా అంత దూరం ఉండదు.

అయితే విమానం కచ్చితంగా ఆ దారం దారిలోనే వెళ్తుందా?

వెళ్ళదు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. దారం చూపించేది దూరాన్ని మాత్రమే. దారి ఏదన్నది ప్రతి రోజూ బయలుదేరే ముందు కొత్తగా నిర్ణయమవుతుంది. దానికి నాలుగు కారణాలు.

మొదటిది టిబెట్ పీఠభూమి. దాని సగటు ఎత్తు సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్లు. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి, ఎందుకంటే ప్రయాణికుల తలల మీద నుంచి జారే మాస్కుల్లో ప్రాణవాయువు నిమిషాల లెక్కనే వస్తుంది. నేలే 4,500 మీటర్ల ఎత్తున ఉన్న చోట 3,000 మీటర్లకు దిగడం ఎలా? అందుకే విమానాలు సాధారణంగా టిబెట్ నడిమధ్య నుంచి పోకుండా పక్క నుంచి తిరిగి వెళ్తాయి.

రెండోది దేశాల గగనతలం. ఏ దేశం మీదుగా పోవాలన్నా ఆ దేశం అనుమతి కావాలి, దానికి రుసుము కూడా ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత అమెరికా, యూరప్ సంస్థల విమానాలకు రష్యా గగనతలం మూతపడింది, మన దేశపు సంస్థలకు మూతపడలేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన దేశ విమానాలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది. బెంగళూరు నుంచి తూర్పు దారిన పోయే విమానానికి ఆ మూసివేతతో పెద్దగా పని లేదు. ఒకే ఊరికి పోయే రెండు సంస్థల విమానాలకు వేర్వేరు గంటలు పట్టడానికి ఈ అనుమతులు ఒక ముఖ్య కారణం.

మూడోది, దారిలో అవసరమైతే దిగడానికి తగిన విమానాశ్రయాలు అందుబాటులో ఉండాలి. రెండు ఇంజన్ల విమానానికి ఒక ఇంజన్ ఆగిపోయినా మిగిలిన దానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక రన్‌వే చేరగలగాలన్నది నియమం. ఇది కాగితం మీది జాగ్రత్త మాత్రమే కాదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో క్షేమంగా దిగింది. ఆ ప్రయాణికులను మరో విమానం వచ్చి తీసుకుపోయింది.

నాలుగోది గాలి. నాలుగింటిలోనూ దీని పెత్తనమే ఎక్కువ కనుక దాని గురించి విడిగా చెబుతాను.

మరి ఎగిరే సమయం ఎంత?

ఆగకుండా పోయే విమానమైతే బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 16 గంటలు, తిరుగు ప్రయాణానికి 17 గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఈ రెండు నగరాల మధ్య ఎయిరిండియా మొదటి నాన్‌స్టాప్ విమానం 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, జనవరి 11న బెంగళూరులో దిగింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పైలట్లందరూ మహిళలే నడిపిన ఆ ప్రయాణానికి దాదాపు 17 గంటలు పట్టింది. ఇలాంటి అతి సుదూర సర్వీసులను సంస్థలు ఇంధనం ధరను బట్టి, విమానాల లభ్యతను బట్టి పెంచుతూ, తగ్గిస్తూ, ఆపుతూ ఉంటాయి. కాబట్టి మీరు వెళ్ళదలచిన తేదీకి నాన్‌స్టాప్ ఉందో లేదో టికెట్ కొనే ముందు చూసుకోవాలి. పక్కింటివారు రెండేళ్ళ కిందట అలా వెళ్ళారన్నది ఆధారం కాదు.

ప్రపంచంలో దీనికన్నా పొడవైన ప్రయాణాలు ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా దూరాన్ని విమానాలు ఆగకుండా పద్దెనిమిది గంటలకు పైగా ఎగిరి దాటుతున్నాయి.

దూరం ఒకటే అయినప్పుడు పోయేటప్పుడు తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ ఎందుకు?

భూమికి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహాలు ఉంటాయి. వీటిని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 100 నుంచి 200 కిలోమీటర్ల వేగం వీటికి మామూలు, చలికాలంలో జపాన్ దగ్గర అంతకు మించి కూడా వీస్తాయి. తూర్పుగా పోయే విమానాన్ని ఈ గాలి వెనుక నుంచి తోస్తుంది, పడమటికి వచ్చే విమానానికి ఎదురు నిలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం. పెద్ద విమానం గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గాలే లేకపోతే 14,000 కిలోమీటర్లకు పదిహేనున్నర గంటలు పట్టాలి. దారి పొడవునా సగటున గంటకు 80 కిలోమీటర్ల అనుకూల గాలి దొరికితే నేల మీద వేగం 980 అవుతుంది, ప్రయాణం పద్నాలుగుంపావు గంటలకు తగ్గుతుంది. అదే గాలి ఎదురైతే వేగం 820కి పడిపోయి పదిహేడు గంటలు దాటుతుంది. అంటే 80 కిలోమీటర్ల గాలి అటూ ఇటూ కలిపి సుమారు రెండు గంటల నలభై ఐదు నిమిషాల తేడా తెస్తోంది. నిజానికి విమానం అతి దగ్గరి దారిన పోదు కాబట్టి, నేల మీద తిరిగే సమయం కూడా కలుస్తుంది కాబట్టి, పోయేటప్పుడు ఆ పద్నాలుగుంపావు కాస్తా పదహారు అవుతుంది.

అందుకే సంస్థలు పోయేటప్పుడు దగ్గరి దారిని వదిలి, కొంత దూరం ఎక్కువైనా జపాన్ వైపు వంగి, పసిఫిక్ మీద గాలి బలంగా ఉన్న చోటును వెతుక్కుంటాయి. వచ్చేటప్పుడు అదే గాలిని తప్పించుకోవడానికి ఉత్తర ధ్రువం వైపు ఎక్కుతాయి. ఏటికి ఎదురీదేవాడు నడి ప్రవాహం వదిలి గట్టు వారగా ఈదినట్టే ఇది.

భూమి తిరుగుతోంది కదా, విమానం గాలిలో ఆగితే అమెరికానే కిందికి రాదా?

ఈ ప్రశ్న చిన్నపిల్లలే కాదు, పెద్దలూ అడుగుతారు. అడగదగ్గదే. అనంతపురం ఉన్న అక్షాంశం దగ్గర నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. అయితే నేలతో పాటు గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. పరుగెడుతున్న రైల్లో పైకి ఎగిరితే మీరు వెనుక పెట్టెలో పడరు కదా. గాలి భూమిని వదిలి తనదైన వేగంతో కదిలినంత వరకే విమానానికి లాభమైనా నష్టమైనా. ఆ కదలికే పైన చెప్పిన జెట్ స్ట్రీమ్.

ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు 280 కిలోమీటర్లకే గంట పడుతుంది. ఆ లెక్కన 14,000 కిలోమీటర్లకు యాభై గంటలు పట్టాలి కదా?

కర్నూలు ఎయిర్‌పోర్టులో ఎక్కిన అనుభవం ఉన్నవారు వేసే లెక్క ఇది. చిన్న ప్రయాణంలో సమయమంతా ఎక్కడానికీ దిగడానికీ పోతుంది. తలుపులు మూసిన తరువాత రన్‌వే దాకా నడిచే కొన్ని నిమిషాలు, పైకి ఎక్కే సమయం, దిగేటప్పుడు వేగం తగ్గించుకొని వరుసలో నిలిచే సమయం, దిగాక నిలిపే చోటికి చేరే సమయం, ఇవన్నీ ప్రయాణం ఎంత చిన్నదైనా తప్పవు. పైగా ఆ దారిలో నడిచేవి ఎక్కువగా ఏటీఆర్ 72 రకం పంఖాల విమానాలు, వాటి వేగం గంటకు 500 కిలోమీటర్ల దగ్గర. పెద్ద విమానం వేగం దాదాపు రెట్టింపు, అది ఆ వేగంతోనే పన్నెండు పదమూడు గంటలు నిలకడగా పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఎక్కిదిగే సమయం వాటా తగ్గుతుంది. కాబట్టి చిన్న ప్రయాణాన్ని గుణించి పెద్ద ప్రయాణాన్ని అంచనా వేయకూడదు.

టికెట్ మీద రాసిన సమయం, విమానం గాలిలో ఉండే సమయం ఒకటేనా?

కాదు. టికెట్ మీద ఉండేది విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, గమ్యంలో నిలిచే క్షణం దాకా. గాలిలో ఉండే సమయం అందులో అర గంట నుంచి ముప్పావు గంట దాకా తక్కువ ఉంటుంది. సంస్థలు ఆలస్యాలకు కొంత అదనం కూడా కలిపి రాస్తాయి, అందుకే ఆలస్యంగా బయలుదేరిన విమానం ఒక్కోసారి వేళకే చేరుతుంది.

బెంగళూరులో మధ్యాహ్నం ఎక్కితే అదే రోజు సాయంత్రం దిగుతామంటున్నారు. పదహారు గంటలు ఏమయ్యాయి?

గంటలు ఎక్కడికీ పోలేదు, గడియారం వెనక్కి తిరిగింది. మన దేశ కాలం గ్రీన్‌విచ్ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కాలం చలికాలంలో గ్రీన్‌విచ్ కన్నా 8 గంటలు, వేసవిలో 7 గంటలు వెనుక. కాబట్టి మనకూ వారికీ తేడా చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు. అక్కడ గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబరు మొదటి ఆదివారం మరోసారి.

చలికాలంలో ఒక శనివారం మధ్యాహ్నం 2 గంటలకు బెంగళూరులో విమానం కదిలిందనుకుందాం. పదహారు గంటలు కలిపితే మన కాలం ప్రకారం ఆదివారం ఉదయం 6 గంటలు. అందులో పదమూడున్నర తీసేస్తే శనివారం సాయంత్రం 4:30. అంటే గడియారం ప్రకారం రెండున్నర గంటల్లోనే అమెరికా చేరినట్టు కనబడుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ అప్పు తీర్చవలసి ఉంటుంది. ఆదివారం రాత్రి 8:30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరితే అప్పటికే మన దగ్గర సోమవారం ఉదయం 10 గంటలు. పదిహేడున్నర గంటల ప్రయాణం కలిపితే మంగళవారం తెల్లవారుజామున 3:30కి దిగుతారు. సోమవారం విమానంలోనే కరిగిపోతుంది. ఇంట్లో వారికి కారు పంపమని చెప్పేటప్పుడు "మంగళవారం" అని చెప్పకుండా "సోమవారం అర్ధరాత్రి దాటాక, తెల్లవారితే మంగళవారం" అని విడమరచి చెప్పండి. తేదీ పొరపాటున కారు ఒక రోజు ఆలస్యంగా వెళ్ళిన సందర్భాలు మా వీధిలోనే ఉన్నాయి.

శనివారాలు వేంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉండేవారు ఒక సంగతి గమనించాలి. చలికాలంలో శనివారం నాడు మన దేశం నుంచి బయలుదేరి అదే శనివారం అక్కడ దిగితే ఆ శనివారం నిడివి 37న్నర గంటలు. ఎంతసేపు ఉపవాసం ఉండాలో పురోహితులు చెప్పాలి, నా లెక్కకు అందదు. చక్కెర వ్యాధి మందులు, ఇన్సులిన్ వేళలు మాత్రం ఉపవాసం వంటివి కావు. రోజు సాగినప్పుడు మోతాదుల మధ్య వ్యవధి ఎలా సర్దుకోవాలో బయలుదేరే ముందే మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి.

దారిలో ఎంతసేపు చీకటి, ఎంతసేపు వెలుతురు?

తూర్పుగా పోయే విమానం రాత్రికి ఎదురు పరుగెడుతుంది కనుక చీకటి త్వరగా వస్తుంది, త్వరగా తెల్లవారుతుంది. ధ్రువం దారిన వస్తే వేసవిలో సూర్యుడు అస్తమించకుండానే గంటలు గడుస్తాయి, డిసెంబరులో అక్కడ పగలే ఉండదు.

నాన్‌స్టాప్, డైరెక్ట్ ఒకటేనా?

మన మాటల్లో ఒకటిగానే వాడుతాం, టికెట్ భాషలో ఒకటి కాదు. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే విమానం నంబరు మారదు, కానీ మధ్యలో ఒక చోట దిగి మళ్ళీ ఎగరవచ్చు. టికెట్ కొనేటప్పుడు "స్టాప్" అన్న గడిలో సున్నా ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

మధ్యలో మారే విమానం తీసుకుంటే దూరం ఎంత పెరుగుతుంది?

ఎక్కడ మారతారన్న దాన్ని బట్టి ఉంటుంది, ఫలితాలు కొంచెం ఆశ్చర్యంగా ఉంటాయి. హాంగ్‌కాంగ్ మీదుగా అయితే రెండు ముక్కలూ కలిపి సుమారు 15,050 కిలోమీటర్లు. దుబాయి మీదుగా అయితే బెంగళూరు నుంచి దుబాయికి 2,700, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,000, మొత్తం దాదాపు 15,700. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,400కు 9,150 కలిపి 16,550. సింగపూర్ మీదుగా సుమారు 16,800. దుబాయి పడమట ఉంది కదా, వెనక్కి పోయినట్టు కాదా అని కొందరు అడుగుతారు. దుబాయి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారి దాదాపు ఉత్తర ధ్రువాన్ని ఒరుసుకుంటూ పోతుంది కనుక అనుకున్నంత చుట్టు కాదు. నేరు దారితో పోలిస్తే పెరిగేది 1,700 కిలోమీటర్లే.

దూరం కన్నా ఎక్కువ సమయం తినేది మధ్యలో నిరీక్షణ. రెండు ముక్కలు కలిపి ఇరవై గంటలు ఎగిరినా, మధ్యలో మూడు గంటలు ఆగితే ఇరవై మూడు, పది గంటలు ఆగితే ముప్పై. టికెట్ ధర తక్కువగా ఉన్నప్పుడు నిరీక్షణ ఎంతో ముందు చూడండి. గంటన్నర కన్నా తక్కువ నిరీక్షణ ఉన్న టికెట్ చవకైనా అరవై దాటిన వారికి కొనవద్దన్నది నా సలహా. పెద్ద విమానాశ్రయాల్లో ఒక టెర్మినల్ నుంచి మరో టెర్మినల్‌కు పోవడానికే అరగంట పడుతుంది, మళ్ళీ తనిఖీ ఉంటుంది. రెండు ముక్కలూ ఒకే టికెట్ మీద ఉండడం ముఖ్యం. అలా ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా రెండో దానిలో చేర్చే బాధ్యత సంస్థది. విడివిడిగా కొంటే నష్టం మీదే. అమెరికాలోనే మరో ఊళ్ళో మారవలసి వస్తే, మొదట దిగిన ఊళ్ళోనే ఇమ్మిగ్రేషన్ ముగించి, సాధారణంగా లగేజీ తీసుకొని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి. అక్కడ మూడు గంటల వ్యవధి ఉంచుకోవడం మంచిది.

రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయేవారికి కూడా ఇదే లెక్క పనిచేస్తుందా?

పనిచేస్తుంది, అంకెలు చిన్నవి. కడప ప్రాంతం నుంచి తరతరాలుగా ఎక్కువమంది పోయేది కువైట్‌కే, ఎక్కేది చెన్నైలోనో హైదరాబాదులోనో. చెన్నై నుంచి కువైట్‌కు సుమారు 3,780 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి సుమారు 3,370. ఐదు గంటలకు అటూ ఇటూ పడుతుంది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక, అక్కడ వేసవిలో గడియారం మార్చరు. ఇక్కడ గాలి తీరు తిరగబడుతుంది: కువైట్ పడమట ఉంది కనుక పోయేటప్పుడు ఎదురుగాలి, ఇంటికి వచ్చేటప్పుడు అనుకూల గాలి.

ఇంత దూరం పోయే విమానం కర్నూలు నుంచో, కడప నుంచో, పుట్టపర్తి నుంచో ఎందుకు లేదు?

ప్రయాణికుల సంఖ్య ఒక కారణం, రన్‌వే మరో కారణం. ఓర్వకల్లులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయంలో సర్వీసులు 2021 మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖలకు మొదలయ్యాయి. అక్కడి రన్‌వే 2,000 మీటర్లు, ఏటీఆర్‌కు చక్కగా సరిపోతుంది. బెంగళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య మొదట నడిపిన బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ గరిష్ఠ బరువు 347 టన్నులు, అందులో ఇంధనమే 140 టన్నులు దాటవచ్చు. అంత బరువుతో నేల వదలాలంటే చాలా పొడవైన దారి కావాలి. బెంగళూరులో రెండు రన్‌వేలూ 4,000 మీటర్ల పొడవున్నవి. బెంగళూరు సముద్రమట్టానికి 915 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల అక్కడ గాలి పలచన, ఇంజన్ బలం కొంచెం తగ్గుతుంది, ఎండ మండే మధ్యాహ్నం మరీ తగ్గుతుంది. అందుకే ఆ పొడవు అక్కడ విలాసం కాదు, అవసరం.

అనంతపురం నుంచి కెంపేగౌడ విమానాశ్రయానికి ఎంత దూరం, ఎంత ముందుగా బయలుదేరాలి?

దాదాపు 180 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీదనే చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటితే దేవనహళ్ళి వస్తుంది. విమానాశ్రయం బెంగళూరుకు ఉత్తరాన, మన వైపున ఉండడం మన అదృష్టం. నగరం ట్రాఫిక్‌లోకి పోనవసరం లేదు. కారులో మూడు గంటలు, దారిలో టిఫినుకు ఆగితే మూడున్నర. అంతర్జాతీయ విమానాలకు మూడు గంటల ముందు చేరమంటారు. చెకిన్ కౌంటరు సాధారణంగా గంట ముందే, కొన్ని సంస్థలు గంటంపావు ముందే మూసివేస్తాయి. అంతర్జాతీయ విమానాలు 2023 సెప్టెంబరు నుంచి రెండో టెర్మినల్‌లో నడుస్తున్నాయి, డ్రైవరుకు ఆ మాట ముందే చెప్పండి.

ఇవన్నీ కలిపి విమానం కదలడానికి ఏడు గంటల ముందు ఇల్లు వదలడం సబబు. సంక్రాంతి, దసరా సెలవుల్లో టోల్‌గేట్ల దగ్గర వరుసలు పెరుగుతాయి కనుక ఇంకో గంట కలపండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున దేవనహళ్ళి చుట్టుపక్కల పొగమంచు దట్టంగా కమ్ముతుంది. రోడ్డూ నెమ్మదిస్తుంది, విమానాలూ ఆలస్యమవుతాయి.

దిగిన తరువాత ఇల్లు చేరడానికి ఎంతసేపు?

ఇమ్మిగ్రేషన్, లగేజీ, కస్టమ్స్ కలిపి గంట నుంచి రెండు గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం నగరానికి దక్షిణాన సముద్రపు పాయ ఒడ్డున ఉంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసేలకు అక్కడి నుంచి కారులో సుమారు గంట ప్రయాణం. అనంతపురంలో గడప దాటినప్పటి నుంచి అక్కడ గడప తొక్కే దాకా నాన్‌స్టాప్ అయితే ఇరవై ఐదు, ఇరవై ఆరు గంటలు, మధ్యలో మారితే ముప్పై నుంచి ముప్పై ఐదు. మొదట చెప్పిన ఆ మూడో మనిషి లెక్క ఇదే.

విమానం ఎక్కడ ఉందో ఇంట్లో వారు చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లలో విమానం నంబరు కొడితే పటం మీద దాని స్థానం, ఎత్తు, వేగం కనబడతాయి. ఈ సమాచారం చాలావరకు విమానం పంపే సంకేతాలను నేల మీది గ్రాహకాలు పట్టుకోవడం వల్ల వస్తుంది. నడి సముద్రం మీద, ధ్రువ ప్రాంతంలో ఆ గ్రాహకాలు ఉండవు కనుక బొమ్మ ఒక్కోసారి కదలకుండా నిలిచిపోతుంది, లేదా పటం మీద నుంచే మాయమవుతుంది. అది విమానానికి వచ్చిన ఇబ్బంది కాదు. అలాస్కా తీరమో జపాన్ తీరమో దగ్గరయ్యాక మళ్ళీ కనబడుతుంది.